రైఫిల్‌కు కార్బన్ స్టాక్ కొనే ముందు ఉన్న స్టాక్‌ను తూచి చూడండి

ప్రశ్న: నేను కొలరాడోలోని అరోరాలో ఉంటాను. హెచ్1బీ మీద ఉద్యోగం. రెండు సీజన్ల నుంచి ఎల్క్ (పెద్ద జింక) వేటకు వెళ్తున్నాను. నా రైఫిల్ రెమింగ్టన్ 700 ఎస్‌పీఎస్, .30-06 తూటాది. స్కోప్‌తో కలిపి తొమ్మిదింపావు పౌన్లు తూగుతోంది. ఫ్లాట్ టాప్స్ కొండల్లో పదివేల అడుగుల ఎత్తున దాన్ని రోజంతా మోసేసరికి భుజాలు పడిపోతున్నాయి. ఒక ఫ్రెండ్ కార్బన్ ఫైబర్ స్టాక్ (తుపాకిని పట్టుకునే, భుజానికి ఆనించే ఒళ్లు) వేయించుకోమంటున్నాడు, ధర 800 డాలర్లు. మొత్తం బరువు 7 పౌన్లకు దించాలని నా కోరిక. నా ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. ఈ స్టాక్ కొనొచ్చా? ఇంట్లో నేనే బిగించుకోవచ్చా? తుపాకి కొన్నప్పటిలా దీనికీ డీలర్ దగ్గరికి వెళ్లాలా?
— ఒక పాఠకుడు, అరోరా, కొలరాడో

సమాధానం:

కొనొచ్చు. కానీ స్టాక్ ఒక్కటి మార్చినంత మాత్రాన 7 పౌన్లు రాదు. డబ్బు కట్టే ముందే ఈ లెక్క తేల్చుకోవాలి.

రైఫిల్ ఖాళీగా ఉందని చూసుకుని, బోల్ట్ తీసేసి, తూటాలు వేరే గదిలో పెట్టి, యాక్షన్‌ను (బోల్ట్ కూర్చునే లోహపు భాగం) స్టాక్‌కు పట్టి ఉంచే, అడుగున ఉన్న రెండు స్క్రూలు విప్పండి. స్టాక్ విడిగా చేతికొస్తుంది. దాన్ని వంటింటి త్రాసు మీద పెట్టండి. మీ మోడల్‌కు కంపెనీ ఇచ్చే ప్లాస్టిక్ స్టాక్ 2 పౌన్ల మీద కొద్ది ఔన్సులు తూగుతుంది. పౌనుకు 16 ఔన్సులు కాబట్టి 34, 35 ఔన్సులు అనుకోండి. వేట కోసం చేసే మంచి కార్బన్ స్టాక్‌లు చాలావరకు 22 నుంచి 28 ఔన్సుల మధ్య ఉంటాయి. అంటే 800 డాలర్లు పెట్టి మీరు తగ్గించుకునేది ఆరేడు ఔన్సుల నుంచి ముప్పావు పౌను దాకా. మహా అయితే ఇంకో ఔన్సు. తొమ్మిదింపావు కాస్తా ఎనిమిదిన్నర అవుతుంది, అంతే.

మరి మిగతా బరువు ఎక్కడుంది? స్కోప్‌లో ఉంది. ఎస్‌పీఎస్ ఒట్టి తుపాకి ఏడుంపావు, ఏడున్నర పౌన్ల మధ్య ఉంటుంది. మీది తొమ్మిదింపావు తూగుతోందంటే స్కోప్, రింగులు, బెల్టు కలిసి దాదాపు రెండు పౌన్లు మింగుతున్నాయి. 30 మి.మీ. ట్యూబు, 50 మి.మీ. ముందు అద్దం ఉన్న పెద్ద స్కోప్ 24 నుంచి 30 ఔన్సుల దాకా ఉంటుంది. మామూలు 3-9x40 (మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దగా చూపే, 40 మి.మీ. అద్దం ఉన్న స్కోప్) అయితే 12, 13 ఔన్సుల్లో దొరుకుతుంది. ఎల్క్‌ను మీరు కొట్టేది ఎంత దూరంలో? మూడు వందల గజాల లోపే అయితే 3-9 చాలు, అందులో నాకు సందేహం లేదు. స్టీలు బేసులు, స్టీలు రింగులు ఉంటే అల్యూమినియంవి వేయించండి, ఇంకో మూడు నాలుగు ఔన్సులు పోతాయి. బైపాడ్ (తుపాకి ముందు భాగాన్ని నిలబెట్టే రెండు కాళ్లు) ఉంటే దాన్ని కారులోనే వదిలేయండి. అది ఒక్కటే ముప్పావు పౌను దాకా ఉంటుంది, కొండ మీద బ్యాక్‌ప్యాక్ ఆ పని అంతకన్నా బాగా చేస్తుంది. ఇక మీతో ఎన్ని తూటాలు తీసుకెళ్తున్నారు? ఇరవై తూటాల పెట్టె పౌను పైనే తూగుతుంది. ఎల్క్ వేటకు జేబులో ఎనిమిదో పదో చాలు.

ఇలా స్కోప్ దగ్గర పౌను, స్టాక్ దగ్గర ముప్పావు పౌను తగ్గిస్తే ఏడున్నరకు వస్తారు. అక్కడ ఆగండి. 7కు దించొద్దు అనడానికి కారణం రికాయిల్, అంటే కాల్చినప్పుడు తుపాకి వెనక్కి తన్నడం.

తుపాకి తేలికైన కొద్దీ భుజం మీద పడే దెబ్బ పెరుగుతుంది. తూటా అదే అయితే తుపాకి బరువు ఎంత తగ్గితే రికాయిల్ శక్తి ఆ నిష్పత్తిలోనే పెరుగుతుంది. .30-06లో 180 గ్రెయిన్ల గుండు సెకనుకు 2,700 అడుగుల వేగంతో వెళ్తుందనుకుందాం. తొమ్మిదింపావు పౌన్ల తుపాకిలో రికాయిల్ సుమారు 19 ఫుట్-పౌన్లు. ఎనిమిదింపావులో 21. ఏడున్నరలో 23 దాటుతుంది. 7లో 25. మొదటిదానికీ చివరిదానికీ మూడో వంతు తేడా. రేంజ్‌లో బెంచీ మీద కూర్చుని నాలుగైదు తూటాలు కాల్చేసరికి మీకే తెలుస్తుంది, ఆరోదానికి ట్రిగ్గర్ నొక్కే ముందే భుజం ముడుచుకుంటుంది. అలా ముడుచుకున్నవాడి గుండు ఎక్కడికి వెళ్తుందో చెప్పలేం. గాయపడిన ఎల్క్ వెనక చీకట్లో తిరగడం కన్నా అర పౌను ఎక్కువ మోయడం నయం.

ఇప్పుడు స్టాక్ విషయానికి వద్దాం. తేలికదనం కోసమే ఇలాంటి స్టాక్‌లు పుట్టాయని చాలామంది అనుకుంటారు. అసలు అవసరం వేరు. వియత్నాం యుద్ధంలో అమెరికా మెరీన్లు వాడిన ఎం40 స్నైపర్ రైఫిల్ కూడా మీ 700 యాక్షన్ మీద కట్టిందే. దాని చెక్క స్టాక్ అడవి తేమకు ఉబ్బి, వంకర తిరిగి, గురి మార్చేసేది. అందుకే 1970ల్లో వచ్చిన ఎం40ఏ1కి మెక్‌మిలన్ వాళ్ల ఫైబర్‌గ్లాస్ స్టాక్ వేశారు. 1988లో సైన్యం తీసుకున్న ఎం24కి హెచ్-ఎస్ ప్రెసిషన్ వాళ్లది వేశారు, దాని కడుపులో నిలువునా అల్యూమినియం దిమ్మ ఉంటుంది. రెండిటిలోనూ చూసింది ఒక్కటే: స్టాక్ కదలకూడదు. ఎం24 స్టాక్‌ను తేలికైనదని ఎవరూ అనరు. మీరు కొనేటప్పుడూ ఈ వరసే పాటించండి. ముందు గట్టిదనం, తర్వాత మీ ఒంటికి సరిపడే కొలత, ఆ తర్వాతే బరువు.

గట్టిదనం ఎలా చూడాలి? మీ ఇప్పటి స్టాక్ మీదే ఒకసారి చేసి చూడండి. బ్యారెల్‌కూ స్టాక్ ముందు భాగానికీ మధ్య ఉన్న సందులోకి ఒక డాలర్ నోటు దూర్చి రిసీవర్ (యాక్షన్‌లో బ్యారెల్ బిగించి ఉండే భాగం) దాకా లాగండి. లాగగలిగారు కదా అని సంబరపడకండి. ఇప్పుడు తుపాకిని మీరు కాల్చేటట్టే బ్యాక్‌ప్యాక్ మీద ఆనించి, బరువు వేసి, ఇంకొకరిని నోటు లాగమనండి. లేదంటే స్టాక్ కొసను బ్యారెల్ వైపు చేత్తో నొక్కండి. మీ ఎస్‌పీఎస్ స్టాక్ అచ్చు పోసిన ప్లాస్టిక్ కాబట్టి ముందు భాగం వంగి బ్యారెల్‌ను తాకే అవకాశం చాలా ఎక్కువ. బెంచీ మీద ఒక చోట, కొండ మీద బ్యాగు మీంచి కాలిస్తే ఇంకో చోట గుండు పడడానికి తరచూ ఇదే కారణం. కొత్త స్టాక్ వల్ల మీకు అసలు లాభం ఇక్కడ ఉంది. ఔన్సులు తగ్గడం దాని మీద అదనం.

మార్కెట్లో దొరికేవి ఎక్కువగా నాలుగు రకాలు. లామినేటెడ్ చెక్క, బాయ్డ్స్ వాళ్లవి. అందం, గట్టిదనం రెండూ ఉన్నా మీ ప్లాస్టిక్ కన్నా బరువే, మీకు అక్కర్లేదు. రబ్బరు పూసిన హోగ్ స్టాక్‌లు చేతికి హాయిగా ఉంటాయి కానీ బరువు తగ్గదు. మూడోది బెల్ అండ్ కార్ల్‌సన్, హెచ్-ఎస్ ప్రెసిషన్ తరహా: ఫైబర్‌గ్లాస్ ఒళ్లు, లోపల అల్యూమినియం దిమ్మ. పెట్టిన డబ్బుకు న్యాయం చేసే సరుకు ఇది. అయితే చాలామంది చూసుకోని సంగతి ఒకటుంది, వీటిలో చాలా మోడళ్లు మీ పాత ప్లాస్టిక్ స్టాక్ కన్నా బరువు ఎక్కువ. 'తేలిక' అని పేరులో ఉన్నా ఔన్సుల్లో ఎంతో రాసి ఉందా లేదా చూడండి. రాయకపోతే ఫోన్ చేసి అడగండి, మీ యాక్షన్‌కు, మీ బ్యారెల్ లావుకు, ప్యాడ్‌తో సహా ఎంత అని.

నాలుగోది మీ ఫ్రెండ్ చెప్పిన కార్బన్. నిజానికి ఇది కూడా కొత్తదేం కాదు. వెస్ట్ వర్జీనియాలో మెల్విన్ ఫోర్బ్స్ 1980ల్లోనే కెవ్లార్, గ్రాఫైట్ కలిపి పౌను బరువుండే స్టాక్‌లు చేసి, ఐదు పౌన్ల లోపు రైఫిళ్లు కట్టాడు. ఆయన తుపాకులు బాగా కాల్చడానికి కారణం స్టాక్ గట్టిగా ఉండడం, బరువు లేకపోవడం కాదు. కార్బన్ గుడ్డ పొరలను ఎపాక్సీతో అతికించి, మధ్యలో తేలికైన ఫోమ్ నింపుతారు, కొందరు బోలుగానే వదిలేస్తారు. యాక్షన్ కూర్చునే చోట, స్క్రూలు వెళ్లే చోట మాత్రం గట్టి ఎపాక్సీ ఉండాలి. మీరు అమ్మేవాళ్లను గుచ్చి గుచ్చి అడగాల్సింది దీని గురించే. పిల్లర్లు (స్క్రూలు వెళ్లే గట్టి గొట్టాలు) ఉన్నాయా, అవి అల్యూమినియమా? రికాయిల్ లగ్ (తన్నే దెబ్బను స్టాక్‌కు అందించే, యాక్షన్ కిందికి పొడుచుకొచ్చిన దిమ్మ) వెనక గట్టి పదార్థం ఎంత మేర ఉంది? బెల్టు తగిలించే ముందు కొండీ ఫోమ్‌లో దిగిందా, గట్టి భాగంలో దిగిందా? ఫోమ్‌లో దిగిన కొండీ ఏదో ఒక రోజు ఊడి, తుపాకి బండల మీద పడుతుంది.

కార్బన్‌తో ఇంకో చిన్న చికాకు, చప్పుడు. లోపల బోలుగా ఉన్న స్టాక్‌కు కొమ్మ తగిలినా, జాకెట్ జిప్ తగిలినా ఖాళీ డబ్బాలా మోగుతుంది. షాపులో వేలితో తట్టి చూడండి. ఎల్క్ చెవులు మన చెవుల్లాంటివి కావు.

ఇక కొలత. ట్రిగ్గర్ నుంచి మడమ (స్టాక్‌లో భుజానికి ఆనే వెనక భాగం) చివరి దాకా ఉండే పొడవు ఫ్యాక్టరీ తుపాకుల్లో పదమూడున్నర అంగుళాలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అది మీకన్నా పొడగరిని దృష్టిలో పెట్టుకుని చేసింది. 5 అడుగుల 6 అంగుళాల మనిషికి, అందులోనూ నవంబర్ చలికి రెండు పొరల జాకెట్ వేసుకున్న మనిషికి, 13 అంగుళాలు కానీ ఇంకో పావు తక్కువ కానీ సుఖంగా ఉంటుంది. తుపాకి భుజానికి ఎత్తినప్పుడు మడమ చంకలో జాకెట్‌కు తట్టుకుంటోందంటే పొడవు ఎక్కువైనట్టు. ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఈ కొలత చెప్పండి. తర్వాత కోయించడం కుదురుతుంది కానీ కార్బన్ కోయడం అందరికీ వచ్చిన పని కాదు, ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిదీ కాదు. రికాయిల్ ప్యాడ్ అంగుళం మందం ఉండే మెత్తటిది, లింబ్‌సేవర్, పాక్‌మేయర్ డిసెలరేటర్ లాంటిది పెట్టించండి. తేలికైన తుపాకిలో ఔన్సు ఖర్చు పెట్టదగిన చోటు ఇదే.

చెంప ఆనే చోటు కూడా చూడండి. కళ్లు మూసుకుని తుపాకిని భుజానికి ఎత్తి, చెంప హాయిగా ఆనించి, అప్పుడు కళ్లు తెరవండి. స్కోప్‌లో బొమ్మ నిండుగా కనిపించాలి. తల పైకెత్తి వెతుక్కోవాల్సి వస్తే స్టాక్ మీకు కిందకుంది, లేదా స్కోప్ మరీ పైకుంది. చిన్న స్కోప్ వేస్తే పొట్టి రింగులు సరిపోతాయి కాబట్టి ఈ ఇబ్బంది చాలావరకు దానంతటదే పోతుంది. స్కోప్ మార్చమనడానికి ఇదీ ఒక కారణమే.

ఆర్డర్ పెట్టేటప్పుడు మూడు మాటలు తప్పకూడదు: లాంగ్ యాక్షన్ (.30-06 కాబట్టి), బ్యారెల్ సన్నపు స్పోర్టర్ రకం, అడుగు భాగం బీడీఎల్. అడుగున తెరుచుకునే మూత ఉంటే బీడీఎల్. మూత లేకుండా మూసేసి ఉంటే ఏడీఎల్. మ్యాగజైన్ ఊడి చేతికొస్తే అది మూడో రకం. మీది ఎస్‌పీఎస్ కాబట్టి బీడీఎల్ అయ్యే అవకాశమే ఎక్కువ, అయినా తిప్పి చూసుకోండి. ఒకదాని స్టాక్ ఇంకోదానికి నేరుగా పట్టదు, అడుగు పట్టీ, మ్యాగజైన్ పెట్టె కూడా కొనాల్సి వస్తుంది. రంగు మీ ఇష్టం.

ఇంట్లో బిగించుకోవచ్చా అంటే, అల్యూమినియం దిమ్మ ఉన్నదైతే బిగించుకోవచ్చు. కార్బన్‌దైతే బిగించి, కింది పరీక్ష చేసి, తేడా ఉంటే గన్‌స్మిత్ చేత బెడ్డింగ్ (యాక్షన్ కదలకుండా కూర్చునేలా దాని కింద ఎపాక్సీ పోయడం) చేయించండి. యూట్యూబ్ చూసి ఎపాక్సీ కలపడం మొదటిసారే 800 డాలర్ల స్టాక్ మీద వద్దు. రిలీజ్ ఏజెంట్ (ఎపాక్సీ లోహానికి అంటుకోకుండా పూసేది) ఒక్క చోట పూయడం మరిచిపోతే యాక్షన్, స్టాక్ ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

పరీక్ష ఇది. బోల్ట్ తీసేసిన రైఫిల్‌ను మడమ నేల మీద, మూతి పైకి ఉండేలా నిలబెట్టండి. స్క్రూలు రెండూ బిగించి ఉండాలి. ఎడమ చేతి చూపుడు వేలిని స్టాక్ కొస దగ్గర, బ్యారెల్‌నూ స్టాక్‌నూ రెంటినీ తాకేలా అడ్డంగా పెట్టండి. కుడి చేత్తో ముందు స్క్రూను మెల్లగా వదులు చేయండి, మళ్లీ బిగించండి. వేలి కింద ఏ కదలికా తెలియకపోతే యాక్షన్ సరిగా కూర్చుంది. బ్యారెల్ స్టాక్ నుంచి దూరం జరిగినట్టో దగ్గరైనట్టో అనిపిస్తే, స్క్రూ బిగించినప్పుడల్లా యాక్షన్ వంగుతోందని అర్థం. అప్పుడు బెడ్డింగ్ తప్పదు. వెనక స్క్రూతోనూ ఇలాగే చేయండి.

బిగించాక మ్యాగజైన్ పెట్టెను వేలితో కదిపి చూడండి. కొంచెం ఆడాలి. ఆడకపోతే యాక్షన్‌కూ అడుగు పట్టీకీ మధ్య అదే ఇరుక్కుని బరువు మోస్తోంది, స్టాక్ కాదు. ముందు స్క్రూ పొడవు ఎక్కువైతే దాని కొస బోల్ట్‌కు తగులుతుంది, బోల్ట్ పెట్టి మూసినప్పుడు పట్టేసినట్టుంటే అనుమానించాల్సింది ఆ స్క్రూనే. బోల్ట్ పిడి స్టాక్ గాడిలో ఎక్కడా ఒరుసుకోకూడదు. ట్రిగ్గర్, సేఫ్టీ మీట కూడా అంతే. ఖాళీ తుపాకి బోల్ట్ ఎత్తి మూసి, సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కండి, వదలండి, సేఫ్టీ తీయండి. ఎక్కడా ఫైరింగ్ పిన్ పడిన క్లిక్ వినిపించకూడదు. స్క్రూ ఎంత బిగించాలో స్టాక్ తయారీదారు చెప్పిన అంకెనే పట్టుకోండి. అల్యూమినియం దిమ్మకు 65 అంగుళ-పౌన్లు మామూలు, ప్లాస్టిక్‌కు అంత పెడితే నలిగిపోతుంది. చేతి అంచనా వద్దు, టార్క్ రెంచ్ కొనండి.

ట్రిగ్గర్ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. 2006 మే 1 నుంచి 2014 ఏప్రిల్ 9 వరకు తయారైన, ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గర్ ఉన్న 700లను రెమింగ్టన్ 2014లో రీకాల్ చేసింది. ట్రిగ్గర్ నొక్కకుండానే పేలే ప్రమాదం ఉందన్నది కారణం. మీరు పాతది కొని ఉంటే, దానికి ఆ మరమ్మతు జరిగిందో లేదో గన్‌స్మిత్‌కు చూపించి తెలుసుకోండి. జరగలేదంటే స్టాక్ ఆగొచ్చు, ట్రిగ్గర్ ఆగకూడదు.

స్టాక్ మారిస్తే జీరో (స్కోప్ గురి, గుండు పడే చోటు ఒక్కటయ్యేలా చేసిన సర్దుబాటు) మారుతుంది. వంద గజాల దగ్గర మళ్లీ చూసుకోండి. ఆ తర్వాత బెంచీ వదిలేసి కూర్చుని, మోకాలి మీద, బ్యాగు మీద ఆనించి కాల్చండి. స్టాక్ తేలికైతే బరువు మూతి వైపు జరుగుతుంది. కొందరికి అది నిలకడగా ఉంటుంది, కొందరికి చేయి లాగుతుంది. మీకెలా ఉందో సీజన్‌కు ముందే తెలియాలి. ఆర్డర్ మీద చేసిచ్చే కార్బన్ స్టాక్‌లు చేతికి రావడానికి నెలలు పడుతుంది కూడా, అక్టోబర్ వేటకు ఆగస్టులో ఆర్డర్ పెడితే టెన్షనే మిగులుతుంది.

మీ బదులు నేనైతే ఈ ఏడాది చిన్న స్కోప్, అల్యూమినియం రింగులు వేయించి, బైపాడ్ తీసేసి ఒక సీజన్ తిరుగుతాను. ఎనిమిదింపావుకు వస్తుంది. అప్పటికీ నోటు పరీక్షలో ప్లాస్టిక్ స్టాక్ బ్యారెల్‌ను తాకుతుంటే కార్బన్ కొంటాను, తాకకపోతే ఆ 800 డాలర్లు మంచి బూట్లకూ తూటాలకూ పోస్తాను.

చివరి ప్రశ్న. స్టాక్‌ను చట్టం తుపాకిగా లెక్కించదు. నంబరు ఉండే రిసీవరే తుపాకి. కాబట్టి స్టాక్ నేరుగా మీ ఇంటికి వస్తుంది, డీలర్ అవసరం లేదు, ఫారం నింపక్కర్లేదు. కానీ మీరు హెచ్1బీ అన్నారు కాబట్టి దానికన్నా పెద్ద సంగతి చెప్పాలి. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకి కానీ తూటాలు కానీ దగ్గర పెట్టుకోకూడదు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ చేతిలో ఉంటే ఆ నిషేధం వర్తించదు. అంటే మీ బీరువాలో ఉన్న రైఫిల్‌కు రక్ష మీ లైసెన్స్ మీది తేదీయే. చాలామంది ఎల్క్ సీజన్ అయిపోయాక లైసెన్స్ సంగతి మరిచిపోతారు, తుపాకి మాత్రం ఇంట్లోనే ఉంటుంది. అది వీసా మీదికి వచ్చే వ్యవహారం. ఏడాది పొడవునా మధ్యలో ఖాళీ రాకుండా చెల్లే లైసెన్స్ ఏదో తీసుకోండి, ఎల్క్ లైసెన్స్ ఒక్కదాన్ని నమ్ముకోకండి. మీ కేసులో ఇంకేమైనా మెలికలుంటే ఇమిగ్రేషన్ లాయర్‌తో పాటు తుపాకి చట్టాలు తెలిసిన లాయర్‌నూ ఒకసారి కలవండి. గ్రీన్ కార్డు వచ్చాక ఈ షరతు మీకు ఉండదు.